పిడికెడు బియ్యం, అనుదినాహారం

చిలకలగూడలో మేం అద్దెకున్న పోర్షన్‌లో వంటగదే ప్రార్థన గది. ముందు గదిలో నాన్న మంచం, అమ్మ కుట్టు మిషన్, ఇనప బీరువా పోను నలుగురు కూర్చునే చోటు మిగిలేది కాదు. అందుకని రాత్రి అన్నాల ముందు పొయ్యి మీది గిన్నెలు దించి, అమ్మ అక్కడే చాప పరిచేది. ముందు కీర్తన, తర్వాత వాక్యం, తర్వాత ప్రార్థన, చివర అందరం కలిసి పరలోక ప్రార్థన. అప్పుడు కంచాలు. చారు వాసన ముక్కుకు తగులుతుంటే కళ్లు మూసుకుని కూర్చోవడం పిల్లలకు కష్టమే. అయినా ఆ వరుస మా ఇంట్లో ఎన్నడూ మారలేదు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న మాట దగ్గరికొచ్చేసరికి తమ్ముడి గొంతు ఒక్కసారిగా పెరిగేది. నానమ్మ కళ్లు తెరవకుండానే వాడి తొడ మీద మెల్లగా తట్టేది.

ఈ మధ్య ఎవరైనా "మీకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగితే నాకు ముందు ఆ వంటగదే గుర్తుకొస్తుంది. పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను. మంచి దైవజనుల దగ్గర కూర్చున్నాను. వాటి విలువ వాటిదే. కానీ నన్ను నిలబెట్టినవి, ఆ చాప మీద మాకు తెలియకుండానే నోటికొచ్చేసిన మాటలు.

నానమ్మ గురించి చెప్పాలి. ఆమెకు చదువు రాదు. కీర్తనల పుస్తకం మాత్రం నంబర్లతో సహా కంఠతా వచ్చు. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు మన రాగాల్లోనే కట్టిన పాటలు మరి. నానమ్మకు ఆ రాగాల పేర్లు తెలియవు. నేను చర్చిలో నేర్చుకున్న వరసలో పాడితే, "గట్ల కాదు, జర కిందికి దిగాలె" అని తానే పాడి చూపించేది.

ప్రతి పూటా అన్నానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేసేది. మా సంఘంలో స్త్రీల మైత్రి అనే ఆడవాళ్ల బృందం వాళ్లంతా అలా తీసేవాళ్లు. డబ్బా నిండితే ఆదివారం చర్చికి తీసుకెళ్లి అక్కడి గోనె సంచిలో పోసేవాళ్లు. ఆ బియ్యం విధవలకో, జబ్బు చేసినవాళ్ల ఇంటికో వెళ్లేది. ఆ డబ్బా ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. పచ్చ రంగు పెచ్చులూడి, కొబ్బరి చెట్టు బొమ్మ సగం చెరిగిపోయి, మూత అంచున తుప్పు. నానమ్మ పిడికిలి డబ్బా మీద పెట్టి కాసేపు ఆగేది. పెదవులు కదిలేవి. ఒకసారి దగ్గరికెళ్లి విన్నాను. "మేరమ్మ బిడ్డకు జొరం తగ్గాలె ప్రభువా" అంటోంది. అంటే ఆమె తీసిన ప్రతి పిడికెడు వెనుకా ఒక మనిషి పేరుంది. బియ్యం డబ్బాలో పడ్డ చప్పుడే ఆమెన్.

నానమ్మది మెదక్ దగ్గర పల్లె. వాళ్ల నాన్న మెదక్ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసిన మనిషి. ఆ కథ చెప్పించుకోవడం మాకు సరదా. నిజాం కాలం, కరువు రోజులు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర, ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా చర్చి కట్టే పని చూపించి అన్నం పెట్టాడు. 1914లో మొదలైన పని పదేళ్లు నడిచింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, లోపల ఐదు వేల మంది పట్టే చోటు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్న లెక్కలు. నానమ్మ లెక్క వేరు. "మా నాయిన ఒక్క రాయి మోస్తే ఇంట్ల ఒక పూట పొయ్యి వెలిగింది" అనేది.

చిన్నప్పుడు ఆమెతో మెదక్ వెళ్తే పొద్దు ఉండగానే లోపలికి వెళ్లాలని తొందర పెట్టేది. అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం బొమ్మలు వెలుతురుంటేనే కనిపిస్తాయి. వాటిని చూసి, నెమ్మదిగా బయటికొచ్చి, గోడ రాయి మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. ఏ రాయి తన తండ్రి మోసిందో ఆమెకెలా తెలుస్తుంది? అందుకే చేతికి అందిన ప్రతి రాయినీ తాకేది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. "గంజి కోసం కలిశారు", "బియ్యానికి మతం మార్చుకున్నారు" అన్న మాటలు మా వాళ్లు తరతరాలుగా పడుతూ వచ్చారు. స్కూల్లో నేనూ పడ్డాను. ఇంటికొచ్చి ఏడిస్తే నానమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. కోపం తెచ్చుకోలేదు. "అవు బిడ్డా, ఆకలయింది. అన్నం దొరికింది. ఆకలైనోనికి అన్నం వెట్టిన దేవుణ్ణి మొక్కితే తప్పేంది?" అంది. ఈ వయసులో కూడా నాకు ఇంతకంటే మంచి జవాబు తట్టదు. ఐదు వేల మందికి రొట్టెలు పంచిన యేసు, ముందు వాళ్ల ఆకలి చూశాడు. ఆత్మ ఒకటి, కడుపు ఒకటి అని ఆయన విడదీయలేదు. కరువులో ఒకరు పెట్టిన ముద్దలో దేవుణ్ణి గుర్తుపట్టిన మా ముత్తాతల విశ్వాసం తక్కువదని నేను ఒప్పుకోను.

1990ల మొదట్లో నాన్న పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. మొదట్లో "నెలలో తెరుస్తారు" అన్నారు. నాన్న రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. తర్వాత డబ్బా పట్టుకెళ్లడం మానేశాడు. ఆ తర్వాత వెళ్లడమే మానేశాడు. 1983లో కిలో రెండు రూపాయలకు మొదలైన కంట్రోల్ బియ్యం అప్పటికి మూడున్నర అయింది. ఆ బియ్యంలో రాళ్లు ఏరుతూ అమ్మ, గిన్నె దగ్గర పిడికిలి బిగించిన నానమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, మనకే లేవు. ఇంకా ఈ పిడికెడు ఎందుకు?"

"లేనప్పుడే తియ్యాలె బిడ్డా. ఉన్నప్పుడు ఎవలైనా తీస్తరు."

అమ్మ చెయ్యి వదిలేసింది గానీ మొహం గంటుపెట్టుకునే ఉంది. ఆ రాత్రి నానమ్మ నాతో బైబిల్లో మొదటి రాజులు పదిహేడో అధ్యాయం చదివించింది. కరువు. ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర ఉంటే కాకోలములు రొట్టె, మాంసం తెచ్చేవి. వాగు ఎండిపోయాక దేవుడు ఆయన్ని సారెపతు ఊరికి పంపాడు. అక్కడ ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటోంది. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది వండుకుని తానూ కొడుకూ తిని చనిపోవాలనుకుంటోంది. ముందు నాకొక చిన్న అప్పం చేసి పెట్టు అన్నాడు ప్రవక్త. ఆమె చేసింది. పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు.

ఈ కథ సండే స్కూల్లో ఎన్నోసార్లు విన్నదే. ఆ రాత్రి చదువుతుంటే మాత్రం ఒక సంగతి పట్టుకుంది. తొట్టి అంచుదాకా నిండిందని అక్కడ ఎక్కడా లేదు. రోజూ వెళ్లి చూస్తే అడుగున అంత పిండి ఉంటుంది, అంతే. రోజూ తీయాలి, పిసకాలి, కాల్చాలి. రేపటికి ఉంటుందో లేదో రేపు చూస్తేగానీ తెలియదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా సంగతీ అంతే. రేపటికని దాచుకుంటే పురుగు పట్టేది, విశ్రాంతి దినం ముందు రోజు తప్ప. దేవుడు తన వాళ్లకు గోదాము కట్టి ఇవ్వడు, ఏ రోజుది ఆ రోజు ఇస్తాడని ఆ సంవత్సరం మా ఇల్లే నాకు నేర్పింది.

అద్భుతం ఏదీ జరగలేదు. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోలేదు. పాస్టరమ్మ గారు క్వయర్ పిల్లల గౌన్ల బట్ట తెచ్చి అమ్మ మిషన్ మీద పెట్టి వెళ్లారు. దాంతో అమ్మకు కుట్టుపని మొదలైంది. చర్చిలో పరిచయమున్న ఒకాయన నాన్నను మోండా మార్కెట్‌లో హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాయడానికి పెట్టించాడు. మధ్యలో ఒక సాయంత్రం స్త్రీల మైత్రి వాళ్లు ఇద్దరొచ్చారు. వందనాలు చెప్పి, ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ తలుపు వెనుక ఒక సంచి ఆనించి పోయారు. సన్నవి, లావువి, ముక్క బియ్యం, కంట్రోల్ బియ్యం అన్నీ కలిసిపోయిన బియ్యం. ఎన్ని ఇళ్ల పిడికెళ్లో అవి. నాన్న తల దించుకుని బయటికి వెళ్లిపోయాడు. నానమ్మ సంచి మూతి విప్పి, మొట్టమొదట అందులోంచి ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసింది. ఆ అన్నం ఒకే పదును మీద ఉడకలేదు, కొన్ని మెతుకులు పలుకు, కొన్ని మెత్తన. ఆ రుచి నాకింకా తెలుసు.

అమ్మ విశ్వాసం నానమ్మది లాంటిది కాదు. నానమ్మ ఊరుకునేది, అమ్మ దేవుడితో గట్టిగా మాట్లాడేది. "ప్రభువా, పిల్లల ఫీజు కట్టాలి. నీకు తెలుసు. నాకు భయంగా ఉంది" అని పేరు పేరునా, రూపాయలతో సహా చెప్పేది. ఏడ్చేది. ఒక్కోసారి ప్రార్థన మధ్యలో ఆగిపోయి, మాట పెగలక, "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అన్న బైబిల్లోని పదమూడో కీర్తన అందుకునేది. బంధువుల్లో కొందరు అలా అడగడం అవిశ్వాసం అనేవాళ్లు. నేను అలా అనుకోను. దావీదు అడిగాడు, హబక్కూకు అడిగాడు, యోబు అడిగాడు. వినేవాడు ఉన్నాడని గట్టిగా నమ్మినవాళ్లే అలా అడగగలరు. అంజూరపు చెట్లు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానని హబక్కూకు చివర్లో అన్నాడంటే, మొదట్లో ఆ ప్రశ్నలన్నీ అడిగాడు గనకే.

మా మేనత్త వాళ్లది హెబ్రోను సహవాసం. సెలవుల్లో 7 నంబర్ డబుల్ డెక్కర్ ఎక్కి ముషీరాబాద్ వెళ్లేవాళ్లం. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆవరణలో పందిరి, చాపలు, తెల్లబట్టల్లో జనం, గంటలకొద్దీ ఆరాధన, ఆ తర్వాత ప్రేమ విందు. వరసలో కూర్చుంటే పక్కన ఆఫీసరా, రిక్షా కార్మికుడా అన్న తేడా ఉండేది కాదు. పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు క్రీస్తును నమ్మి, ఆ సహవాసాన్ని మొదలుపెట్టిన భక్త సింగ్ గారు అక్కడే ఉండేవారు. జీతం లేదు, చందాలు అడగడం లేదు. కావలసినదేదో మోకాళ్ల మీద దేవుడికే చెప్పుకోవడం. మా మేనత్త ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. 2000 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు నారాయణగూడ సమాధుల తోట దాకా రోడ్డంతా మనుషులే. మా సంఘానికీ వాళ్ల సహవాసానికీ బాప్తిస్మం దగ్గర తేడాలున్నాయి. ఇంట్లో దాని మీద వాదనలూ జరిగేవి. నానమ్మ కంచాలు పెడితే ఆగిపోయేవి.

క్రిస్మస్ జ్ఞాపకాలు రాస్తూ పోతే ఇది ఆగదు. ఒక్కటి మాత్రం చెబుతాను. నాన్నకు పని పోయిన ఆ డిసెంబరులో కేకు వద్దనుకున్నాం. సికింద్రాబాద్‌లో అప్పట్లో చాలా కుటుంబాలు పిండి, గుడ్లు, వెన్న, నానబెట్టిన ఎండు ద్రాక్ష అన్నీ పట్టుకుని బేకరీకి వెళ్లేవి. కలిపి, కట్టెల పొయ్యిలో కాల్చి ఇచ్చేవాళ్లు. రేకు మీద మన పేరు చీటీ ఉండేది. పండగ ముందు ఆ సందులో నడిస్తే నెయ్యి, యాలకుల వాసన. మా పేరు చీటీతో ఒక కేకు ఇంటికొచ్చింది. ఎవరు ఇచ్చారో అమ్మకు తెలియలేదు, అడిగినా ఎవరూ చెప్పలేదు. అమ్మ దాన్ని కోసేముందు చాలాసేపు ప్రార్థన చేసింది. తమ్ముడు మధ్యలో రెండుసార్లు ఆమెన్ అనేశాడు.

నానమ్మ తన మంచం మీదే, కీర్తన వింటూ వెళ్లిపోయింది. అమ్మ అలా పోలేదు.

2021 వేసవి గురించి ఎక్కువ రాయలేను. అమ్మకు ఆక్సిజన్ పడిపోతోంది. బెడ్ దొరికింది గానీ లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. చర్చికి తాళం. తెల్లవారుజామున ఐదింటికి సంఘమంతా ఫోన్లోనే కాన్ఫరెన్స్ ప్రార్థన పెట్టేవాళ్లు. ఒక సిస్టర్ గొంతులో వణుకు, ఎవరి ఇంట్లోనో కుక్కర్ విజిల్, మ్యూట్ చేయడం రాని ఒక పెద్దాయన దగ్గు, ఆ మధ్యలో నూట ఇరవై ఒకటో కీర్తన. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" మేమంతా అమ్మ బతకాలనే అడిగాం. బతకలేదు. నారాయణగూడలో భూస్థాపనకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి ఉన్నాం. నలుగురూ చేరి పాడితే దిక్కులు మోగే పాట ఆ రోజు సన్నగా, ఎవరికీ వినపడనట్టు సాగింది.

ఆ తర్వాత చాలా రోజులు నాకు ప్రార్థన రాలేదు. మోకాళ్లేస్తే మాట వచ్చేది కాదు. వచ్చింది ఒక్కటే, చిన్నప్పటి పరలోక ప్రార్థన. అదీ పూర్తిగా కాదు. "మా అనుదినాహారము నేడు" దాకా వచ్చి ఆగిపోయేది. నా తరఫున మిగిలినవాళ్లు ప్రార్థించారు, అది నాకు తెలుసు. మధ్యాహ్నం గేటుకు ఒక క్యారియర్ తగిలించి బెల్ కొట్టి వెళ్లిపోయేవాళ్లు. చారు, అన్నం, ఒక్కోసారి ఉడికించిన గుడ్డు. ఎవరిదో స్టీలు గిన్నె మీద పేరు చెక్కి ఉండేది, ఆ పేరు చూసి తెలుసుకునేదాన్ని. దేవుడు నాతో మాట్లాడలేదని ఆ రోజుల్లో అనిపించేది. ఆయన మాట్లాడుతున్నది ఆ గిన్నెలతోనే అని ఇప్పుడు పూర్తిగా నమ్ముతున్నాను.

బట్టలు సర్దుతుంటే అమ్మ బైబిలు దొరికింది. నల్ల అట్ట మెత్తబడి, అంచులు విరిగి, కీర్తనల దగ్గర దారం వదులై ఉంది. పేజీల పక్కన పెన్సిల్‌తో తేదీలు. ఇరవై మూడో కీర్తనలో "నాకు లేమి కలుగదు" పక్కన "ఫీజు కట్టాం. స్తోత్రం." సారెపతు విధవరాలి దగ్గర ఒక గీత, పక్కన "అత్తమ్మ". విలాపవాక్యములలో, ఆయన వాత్సల్యత అనుదినము నూతనముగా పుడుతుందన్న చోట ఒకే మాట పక్కన ఎన్నో తేదీలు, ఒకదాని కింద ఒకటి. కొన్ని తేదీల పక్కన స్తోత్రం లేదు. పదమూడో కీర్తన పక్కన అమ్మ ఇలా రాసుకుంది: "ఇంకా అడుగుతున్నాను." ఏం అడిగిందో రాయలేదు. దేని గురించో తమ్ముడికీ నాకూ తెలియదు. జవాబు రాకపోయినా అక్కడే కూర్చుని, తేదీ వేసుకుని, మర్నాడు మళ్లీ అదే పుస్తకం తెరిచిన మనిషి మా అమ్మ. ఆ చాలా రోజుల తర్వాత నాకు నోరు తెరుచుకున్నది ఆ పేజీ మీదే.

మెదక్ చర్చికి 2024 క్రిస్మస్‌తో వందేళ్లు నిండాయి. ఆ పండగ రద్దీ కాస్త తగ్గాక మా అమ్మాయిని తీసుకెళ్లాను. నేను ఏమీ చెప్పకుండానే గోడ రాళ్లు తాకుతూ నడిచింది. చిన్నప్పుడు నా నోటి వెంట విన్నదే కదా.

ఆ పిల్ల గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. కొన్ని నెలల కిందట ఉద్యోగం పోయింది. ఈఎంఐలు, రూమ్ అద్దె, ఇంటర్వ్యూలు, ఒకటే టెన్షన్. తాను నా దగ్గరికి వచ్చేయొచ్చు. కానీ కూకట్‌పల్లిలో స్నేహితులతోనే ఉంటానంది, సరే అన్నాను. నేను వాక్యాలు చెప్పి నోరు మూయించడం లేదు. భయం వేస్తే భయమని చెప్పమ్మా, దేవుడికీ అలాగే చెప్పు, మీ అమ్మమ్మ చెప్పేది అన్నాను. పొద్దున ఐదింటికి తానే ఫోన్ చేస్తుంది. సగం నిద్రలో ఉంటుంది. ఒక అధ్యాయం తాను చదువుతుంది, ఒకటి నేను. అమ్మ బైబిల్లో నాకు చూపు ఆనదు గనక నేను పెద్దక్షరాల బైబిలు కొనుక్కున్నాను. పెన్సిల్ మాత్రం అమ్మ బైబిల్లోనే పెడుతున్నాను. బియ్యానికి ప్లాస్టిక్ డబ్బా. ఇప్పుడు మా సంఘంలో పిడికెడు బియ్యం తీసేవాళ్లు తక్కువే, చాలామంది డబ్బు కవరు ఇస్తున్నారు. నేను రెండూ ఇస్తాను. ఈ నెల పిడికెళ్లన్నీ మా అమ్మాయి పేరు మీదే కాదు, తనతో పాటు ఉద్యోగం పోయిన ఆమె స్నేహితురాళ్ల పేర్లు కూడా తానే పంపింది.

ఉద్యోగం ఇంకా రాలేదు. కీర్తనలు అయిపోయాయి, మొన్ననే సామెతల్లోకి వచ్చాం.